కర్రలు మానేసిన లెంటు

"అమ్మమ్మా, రేపట్నుంచి లెంటు కదా. ఈసారి నేను ప్లాస్టిక్ మానేద్దామనుకుంటున్నాను. మీ రోజుల్లో మీరేం మానేసేవారు?"

ఏటీ, మానడమా? ఓలమ్మ, మానడానికి మాకేటుండేదే అప్పుడు? కూకో, సెప్తాను. ఆ ఫోను అలా బల్ల మీద పెట్టు. రికార్డు అవుతాదా? అవనీ, నాకేటి సిగ్గు. కాపోతే మజ్జలో మీ తాతయ్య మీద ఏదో ఒకటి అనీస్తాను, అది మీ అమ్మకి వినిపించకు. తండ్రిని ఒక్క మాటంటే ఊరుకోదు అది.

లెంటంటే ఈస్టరుకి ముందు నలభై రోజులూ మాకు మాంసం మానడం, పెళ్ళిళ్ళు మానడం, కొత్త సీర కట్టకపోడం. ఈ మూడే. అందులో మాంసం నెలకోసారి వండితే గొప్ప. కొత్త సీర ఏడాదికోటి, అదీ క్రిస్మస్‌కి. ఇంక పెళ్ళంటావా, అయిపోయినోళ్ళం మళ్ళీ ఏటి సేసుకుంటాం? అంటే మేం కష్టపడి మానిందేటీ లేదన్నమాట. ఒక్క పిడికెడు బియ్యం మాత్రం ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి పక్కన ఇంకో కుండలో వెయ్యాలి. ఆదివారం ఆదివారం ఆ బియ్యం చర్చికి పట్టుకెళ్ళి ఒకసోట పోస్తే, ఆ వారం ఎవరింట్లో ఇబ్బందో సూసి పంపేవోరు. మన చర్చోళ్ళకనే కాదు, ఎవరికైనా.

నర్సీపట్నం అప్పుడిలాగ లేదు. మీ తాతయ్యకి ఎలిమెంటరీ స్కూల్లో ఉజ్జోగం. మేం అద్దింట్లో ఉండేవోళ్ళం, రెండు గదులు, ఎనకాల పెంకుటి వంటసాల. మీ అమ్మ అప్పటికి పుట్టలేదు, మీ పెద్దమావయ్య సంకలో ఉన్నాడు. డెబ్బై ఎనిమిదో తొమ్మిదో. ఆగు, తొమ్మిదే. మావాడికి నడకొచ్చిన ఏడు.

ఇంట్లో మా అత్త. మార్తమ్మ గారనీవోరు అందరూ. సన్నగా పొడుగ్గా ఉండేది. నాకు నోరెక్కువ, ఆవిడకి మాట తక్కువ, అందుకే సరిపోయింది. ఆవిడ దేన్నీ పారీనిచ్చేది కాదు. రాత్రన్నం మిగిలితే నీళ్ళు పోసి తరవాణి, పొద్దున్న ఉల్లిపాయ కొరుక్కుని అదే తినాలి. బియ్యం కడిగిన నీళ్ళు పక్కింటోళ్ళ గేదెకి. పొయ్యిలో బూడిద గిన్నెలకి. సీర సిరిగితే బొంత, బొంత సిరిగితే మసిగుడ్డ. ఇప్పుడు మీరు దానికేదో ఇంగ్లీషు పేరెట్టారు కదా, సస్టె... ఆ, అదే. మా అత్తకి ఆ పేరు తెల్దు. నాకూ తెల్దు. నాను ఆవిణ్ణి పిసినారి అనుకునేదాన్ని. మనసులోనేలే. అంటే, మా అప్ప, అదే మా అక్క దగ్గర పైకి కూడా అన్నానేమో.

ఆ ఏడు మన చర్చికి ఒక అయ్యగారు కొత్తగా వచ్చేరు. సైకిలు మీద కొయ్యూరు దాకా ఎల్లిపోయీవోరు, కొండల్లో ఉన్న పల్లెలకి. లెంటు మొదటి బుధవారం కూటంలో ఆయన బైబిలు మూసీసి, "నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ రోడ్డమ్మట వెళితే అడివి రోడ్డు దాకా వచ్చి పలకరించేది. ఇప్పుడు తలెత్తి ఎక్కడుందా అని ఎతుక్కోవాలి. అదంతా ఎక్కడికెళ్ళింది? మన పొయ్యిల్లోకి, మన ఇళ్ళలోకే కదా. ఈ నలభై రోజులూ మీకు లోటు లేనివి మానడం కాదు, లోటు తెలిసేది ఒకటి మానండి" అన్నారు.

అందరూ తలొంచుకుని కూకున్నారు. నాను లెగిసి నిలబడ్డాను. ఎందుకు లెగిసేనో సెప్పనా? భక్తి కాదు. వెనక వరసలో ఒకావిడ అంతకుముందు ఆదివారం నా పాటని ఎక్కిరించింది. ఆవిడ ముందు నాను ఏదో ఒకటి పెద్దది సెయ్యాలనిపించింది. "అయ్యగారూ, మా ఇంట్లో నలభై రోజులూ పొయ్యిలోకి కర్ర పెట్టనండి. దేవుడి ముందు మాటిస్తన్నాను" అనీసేను. మా అత్త పక్కనుంచి ఒక్కసారి నా మొహంలోకి సూసి, మళ్ళీ తలొంచుకుంది.

మరి కర్ర లేకుండా వంటెలాగ? పొట్టు పొయ్యి. నువ్వు సూసుండవు. రేకు డబ్బా ఒకటి, దానికి కింద సిన్న కంత. మజ్జలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపప్పొట్టు పోసి, గట్టిగా కూరుకుంటూ రావాలి. కూరాక సీసా మెల్లిగా పైకి లాగీస్తే మజ్జలో గొట్టంలాగ బొక్క పడతాది. కింద కంతలోంచి అంటిస్తే నిదానంగా రాజుకుంటా రెండు గంటలు మండుతాది. పొట్టు కర్రల మిల్లు దగ్గర ఊరికినే పోగులు పోగులుగా పడుండేది. మీ తాతయ్య సైకిలుకి గోనెసంచి కట్టుకుని తెచ్చేవోరు. మేష్టారు పొట్టు మూట తోసుకెల్తంటే పిల్లలు నవ్వీవోరంట. ఆయనకి నామోషీ, నాకు ఆనందం. మొదటిరోజు సరిగ్గా కూరక మజ్జలో కూలిపోయి, ఇల్లంతా పొగ. మావాడు దగ్గుతానే ఉన్నాడు. మర్నాటికే సెయ్యి తిరిగింది.

ఇంక నాను ఊరుకుంటానా? ఇంటింటికీ ఎళ్ళి నేర్పించీసేను. మన చర్చిలో ఇరవై ఇళ్ళదాకా పొట్టు పొయ్యిలు వెలిసినాయి. ఆ పాటని ఎక్కిరించినావిడ కూడా వచ్చి నేర్చుకుంది. రెండో ఆదివారం అయ్యగారు ప్రసంగంలో, "ఎస్తేరమ్మని సూసి నేర్చుకోండి" అన్నారు. ఆ రోజు నాను ఇంటికి నడిసొచ్చేనో గాల్లో వచ్చేనో నాకు తెల్దు. అబద్ధమెందుకు, సాలా బాగుందే. అంత బాగున్న ఆదివారం నాకు మళ్ళీ రాలేదు.

ఇక్కడ సన్యాసమ్మ గురించి సెప్పాలి. సన్యాసమ్మ కర్రలమ్మే మనిషి. గొలుగొండ ఎళ్ళే దారిలో కొండ కిందన సిన్న పల్లె వాళ్ళది. మొగుడు పోయేడు, ఒక ముసలి అత్త, ఇద్దరు ఆడపిల్లలు. మంగళవారం, శనివారం కొండెక్కి కర్రలేరుకుని, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని రెండు గంటలు నడిసొచ్చేది. మోపు మూడ్రూపాయిలు. బాగా ఎండినవైతే మూడున్నర అడిగేది, ఇచ్చీవోళ్ళం. మాకు, మా వీధిలో నలుగురికి, ఆ పక్క వీధిలో చర్చోళ్ళకి అందరికీ ఆవిడే. ఏ రోజు ఏ ఇంటికో ఆవిడకి లెక్క.

కర్రలు మానేసిన మొదటి శనివారం ఆవిడ గుమ్మంలోకొచ్చి, "అమ్మా, మోపు దింపుతారా" అంది. నాను వంటసాల్లోంచే సెప్పేను, నలభై రోజులు రావద్దు సన్యాసమ్మా, మాకు ఉపవాస దినాలు, కర్ర ముట్టుకోకూడదని. ఆవిడకి అర్థం కాలేదు. "కర్రలు పచ్చివి కావమ్మా, సూడండి, విరిస్తే టక్కుమంటాయి" అంది. కర్రల్లో తప్పేటీ లేదు, దేవుడికి మాటిచ్చేనన్నాను. "దేవుడికైతే సరేనమ్మా" అని ఎల్లిపోయింది. పక్కింటికెల్తే అక్కడా అదే మాట. ఆ పక్కింట్లోనూ అదే. అన్ని ఇళ్ళకీ నేర్పింది నానే కదా.

ఆ సాయంత్రం చర్చి గోడ పక్కన ఒక మోపు అలాగే ఆనించి ఉంది. ఎవరూ కొనక, మళ్ళీ నెత్తినెత్తుకుని కొండ దాకా మొయ్యలేక వొగ్గీసి ఎల్లిపోయింది. నాను దాని పక్కనించే కూటానికెళ్ళేను. సూసేను కూడా. మావాడు దాన్ని పట్టుకుని నిలబడితే, ముల్లు గుచ్చుకుంటాదిరా అని లాక్కుపోయేను. అంతే. నాకింకేటీ తట్టలేదు. ఇప్పటికీ నాకర్థం కాదే, అంత పెద్ద మోపు ఎదురుగా ఉంటే మనిషికి తట్టకపోడమేటి?

మూడో వారంలో మా అత్త గిన్నెలు తోముతా, "సన్యాసమ్మ రావట్లేదు" అంది. రావద్దన్నాను కదత్తా అన్నాను. "ఊఁ" అంది. ఆవిడ "ఊఁ" అంటే అందులో సాలా ఉంటాదని నాకు తెలిసుండాలి. నాను పొట్టు కూరుకునే పనిలో ఉన్నాను.

నాలుగో ఆదివారం పిడికెడు బియ్యం పోసేక, ఈ వారం ఎవరికి పంపాలని అయ్యగారు అడిగేరు. ఎవరో అన్నారు, కర్రలమ్మే సన్యాసమ్మింట్లో పొయ్యి రాజట్లేదంట, పిల్లలు అంబలి కూడా ఒక పూటే తాగుతున్నారంట అని. అయ్యో పాపమన్నాను నాను. నిజంగానే అన్నాను. ఆవిడ నాకు బాగా తెలుసు, నానే పట్టుకెల్తాను అన్నాను. సూసేవా, అక్కడ కూడా ముందు నానే.

సోమవారం పొద్దున్న మా అత్తా నానూ బయల్దేరేం. కొంత దూరం బస్సు, అక్కణ్ణించి నడక. రెండు పక్కలా జీడిమామిడి తోటలు, పళ్ళు రాలి వాసనొస్తంది. ఆ వాసనంటే నాకిష్టం, మా పుట్టింట్లో... సరే, మా పుట్టిల్లు ఇంకోసారి సెప్తాను. బియ్యం సంచి సెరోపక్క పట్టుకుని ఎళ్ళేం. సన్యాసమ్మ అరుగు మీద కూకుని సింతపండు కొడతంది. గింజ తీసి పెడితే ఎవరో కూలిస్తారంట. పిల్లలిద్దరూ పక్కన కూకుని గింజలు ఏరతన్నారు. మమ్మల్ని సూసి లెగిసింది, సాప వేసింది, మంచినీళ్ళిచ్చింది. నాను సంచి ముందుకి తోసి, చర్చిలో అందరం పిడికెడు పిడికెడు తీసి పోగేసేం సన్యాసమ్మా, నీకోసం తెచ్చేం అన్నాను.

ఆవిడ సంచి వైపు సూసింది గానీ ముట్టుకోలేదు. కోపంగా కూడా అనలేదే. పిల్లకి సెప్పినట్టు సెప్పింది.

"అమ్మా, మీరు కర్రలు కొనడం మానీసేరు. దేవుడికన్నారు, సరేనన్నాను. ఇరవై ఇళ్ళోళ్ళు మానీసేరు. మీ ఇంట్లో అన్నం ఉడుకుతానే ఉంది. పొయ్యి ఆగింది మా ఇంట్లో. మాటిచ్చింది మీరు, ఉపోసం సేస్తంది నా పిల్లలమ్మా. ఇప్పుడు ఈ బియ్యం తీసుకుంటే నాను అడుక్కున్నదాన్నైపోతాను. నాను అడుక్కోలేదు కదా. మోపు తెచ్చేను."

ఏదో అనాలని, కొండ మీద సెట్లు పోతున్నాయి కదా సన్యాసమ్మా, అందుకని మానేం అన్నాను. అంటే ఇంకా నన్ను నాను సమర్థించుకుంటున్నానన్నమాట. ఆవిడ అరుగు కిందనున్న మోపులోంచి ఒక కర్ర తీసి నా సేతిలో పెట్టింది. "దీనికెక్కడైనా కత్తి దెబ్బుందా సూడండి. నాను రాలిందే ఏరతాను. మా అత్త నాకు నేర్పింది అదే. పచ్చి సెట్టు కొడితే మరుసటేడు ఏరడానికేటుంటాది? సెట్లు కొట్టి పట్టుకెళ్ళేవోళ్ళు లారీల్లో పట్టుకెల్తన్నారు. ఆ లారీ ఎళ్ళేది మీ కర్రల మిల్లుకే."

ఇన్నావా? మిల్లుకి. నాను నలభై రోజులూ ఊరికినే వస్తందని గోనెసంచుల్లో తెప్పించుకున్న పొట్టు ఎక్కణ్ణించొచ్చింది? కొట్టిన సెట్లలోంచే కదా. రాలిన పుల్ల ఏరుకునే మనిషి దగ్గర మానీసి, కొట్టిన మాను పొట్టు పట్టుకొచ్చి మండించి, అడివిని కాపాడేసేనని చర్చిలో మెచ్చుకోలు పొందేను. పొట్టు మండించడం తప్పు కాదులే, ఎలాగూ పారేసేదే. కానీ నాను సేసిందాన్ని సూడు.

తిరిగొస్తంటే మా అత్తనడిగేను, ఈవిడ రాలినవే ఏరతాదని నీకు తెలుసా అని. "ఇరవై ఏళ్ళనించి ఈవిడ దగ్గిరే ఎందుకు కొంటన్నాననుకున్నావు" అంది. మరి నాతో అప్పుడే ఎందుకు సెప్పలేదు అన్నాను, కొంచెం కోపంగానే. ఆవిడ ఆగి, కొంగుతో మొహం తుడుసుకుని, "సెప్పాల్సింది. చర్చిలో నిలబడి దేవుడి పేరెత్తేవు. అడ్డు సెప్తే ఓర్వలేక అంటన్నాననుకుంటావని నోరు మూసుకున్నాను. నా తప్పూ ఉంది" అంది. మా అత్త తప్పు ఒప్పుకోడం నాను ఇనడం అదే మొదలు. ఇద్దరం రోడ్డు పక్కన నిలబడి ఏడ్సేం. బస్సు వస్తే సెయ్యి ఎత్తడం కూడా మర్సిపోయేం, అది ఎల్లిపోయింది.

ఇంక మాటిచ్చేను కదా దేవుడికి, అది తప్పొచ్చా? మీ తాతయ్య, తప్పితే ఏటవుతాది, దేవుడేటి మన పొయ్యిలోకి తొంగి సూస్తాడా అన్నారు. ఆయనకి పొట్టు మోత తప్పుతాదని ఆశ. అయ్యగారి దగ్గిరికెళ్ళి జరిగిందంతా సెప్పేను. ఆయన, "లోటు తెలిసేది మానమన్నాను నేనే. లోటు ఎవరికో నేనూ చూడలేదమ్మా. చర్చిలో నిన్ను పొగిడింది నేను, చర్చిలోనే నేను ఆ మాట సెప్తాను. ఇళ్ళకి మాత్రం నువ్వే వెళ్ళాలి" అన్నారు.

ఎళ్ళేను. ఇరవై ఇళ్ళకీ. నేర్పడానికి ఎళ్ళినప్పుడు రెండ్రోజుల్లో అయిపోనాది. నాను తప్పు సేసేను అని సెప్పడానికి ఆరు రోజులు పట్టింది. కొన్ని ఇళ్ళ ముందు గేటు దాకా ఎళ్ళి తిరిగొచ్చీసేదాన్ని. ఆ పాటావిడ ఇంటికి అందరికన్నా ఆకర్న ఎళ్ళేను. ఎక్కిరిస్తాదనుకున్నాను. ఆవిడ లోపలికి పిలిసి, పీటేసి, "చర్చి గోడ పక్కన ఆ మోపుని నేనూ చూశాను వదినా, నాకూ తట్టలేదు" అంది. అప్పట్నించి మేమిద్దరం మంచిగా ఉన్నాం. ఆవిడ పాట మాత్రం ఇప్పటికీ నాకన్నా బాగోదు.

మా అత్త ఒక ఉపాయం సేసింది. పొట్టు పొయ్యిలు మానక్కల్లేదు, కర్ర తక్కువ మండడం మంచిదే. కానీ సన్యాసమ్మకి మోపు తప్పకూడదు. సగం మోపు కర్రలు, నా మాట తప్పకుండా అవి ఈస్టరు దాకా దాసుకోవాలి, సగం మోపు కొండ సరుకు. అడ్డాకులు, కుంకుడుకాయలు, సింతపండు, కొండసీపుళ్ళు. అవన్నీ మేం బజార్లో ఎలాగూ కొంటన్నవే, అవి ఆవిడ దగ్గిరే కొనాలి. ఆవిడకి బరువూ తగ్గుతాది, రాబడీ తగ్గదు. సన్యాసమ్మ ఇని, సేతి ఏళ్ళు మడిసి ఏదో లెక్కేసుకుని, సరేనంది. బియ్యం మాత్రం ఆకరి దాకా తీసుకోలేదు.

ఇంకోటి సేసేను నాను. ఒక శనివారం పొద్దున్నే ఆవిడతో కొండెక్కేను. మోపు నానూ మోస్తానన్నాను. నవ్వీసింది. సిన్న మోపు కట్టి నా నెత్తినెట్టింది, పిల్లలకి కట్టేంత. ఆవిడ ముందు, నాను వెనక. రోడ్డెక్కేసరికే మెడ లోపలికి దిగిపోయింది. మజ్జలో ఎక్కడా దింపడానికి లేదు, దింపితే మళ్ళీ ఎత్తేవోరుండాలి కదా. ఇంటికొచ్చి నిలబడితే మా అత్త వచ్చి దింపింది. అప్పుడు తట్టింది నాకు, ఇన్నేళ్ళూ సన్యాసమ్మ గుమ్మంలో "దింపుతారా" అంటే నాను అక్కడ పడీమనేదాన్ని. ఒక్కసారీ సెయ్యేసి దింపలేదు. ఆ తర్వాత ఏ శనివారం ఆవిడొచ్చినా, వంట మాడిపోనీ, ఎదురెళ్ళి దింపేదాన్ని.

ఆ ఏడు ఈస్టరు భోజనాలకి చర్చి ఎనకాల గాడిపొయ్యి తవ్వితే, కర్రలు సన్యాసమ్మవే, విస్తళ్ళు ఆవిడ తెచ్చిన అడ్డాకులే. పండక్కి రా అని పిల్సేం, వచ్చింది గానీ ఊరికినే కూకోలేదు ఆవిడ. మేం పొయ్యిలోకి కర్రలు కుక్కుతుంటే సూడలేక, కొంగు బిగించి దిగిపోయింది. "ఇన్ని ఎందుకమ్మా, రెండు తియ్యండి. మంట కిందన ఉండాలి, పక్కల్నించి పోతంది" అని మా అందరినీ కేకలేసింది. అయ్యగారి భార్యని కూడా. తియ్యమన్నవి తీసేం. అన్నం బేగి ఉడికింది, కర్రలు మిగిలేయి.

కాపరానికొచ్చిన కాణ్ణించి నా జీవితం అంతా ఈ ఊళ్ళోనే అయిపోనాది. ఎనభై ఆరులోనో ఏడులోనో మాకు గ్యాసు బండొచ్చింది. కాయితం రాగానే నాను మొదట ఎవరికి సెప్పేననుకున్నావు? మీ తాతయ్య ఈధిలో అందరికీ సెప్పుకుంటంటే, నాను బస్సెక్కి సన్యాసమ్మింటికెళ్ళేను. గ్యాసొస్తంది, తీసుకోమంటావా, నీకెలాగుంటాది అని అడిగేను. అప్పటికి ఆవిడ పెద్దపిల్ల విస్తళ్ళు కుట్టి సంతలో అమ్ముతంది, బాగానే ఉన్నారు. "తీసుకోండమ్మా, నా మెడ కూడా అరిగిపోనాది" అని నవ్వింది. ముందు అడిగినందుకు సంతోషపడింది, అది మొహంలో తెలిసింది నాకు. ఆవిడ పోయి సాలా ఏళ్ళయింది. పోయే ముందు ఎళ్ళి సూసేను. గుర్తుపట్టింది.

నువ్వు ప్లాస్టిక్ మానతానన్నావు. మానమ్మా, మంచి పనే. నాను వద్దనను. ఏటో, నాకు పెద్ద పెద్ద మాటలు రావు. దేవుడు నిన్ను సల్లగా సూడాలి, నీ పొయ్యి ఎప్పుడూ ఆరకూడదు. ఇంకా ఏటి దీవించను... నువ్వు మంచి సేస్తన్నాననుకుని ఎప్పుడైనా ఎవరి నోటి ముందు కూడో తీసీసేవనుకో, బియ్యం సంచి ముట్టుకోకుండా, అరవకుండా, నీ మొహం మీద నిజం సెప్పే సన్యాసమ్మ ఒకతి నీకు దొరకాలి. ఇనే సెవులు దేవుడు నీకియ్యాలి.